ముద్ర వేయని కుండ

విరజాపురానికి ఆనాడు పట్టిన దాహం ఇంతా అంతా కాదు.

గుట్టమ్మ తల్లి జాతరలో అది చివరి రోజు. కోట ముందరి మైదానంలో పందిళ్ళు వేశారు. పందిరి గుంజలకు పట్టుబట్టలు చుట్టారు, దూలాలకు నెమలి ఈకల కుచ్చులు వేలాడదీశారు. వసుకీర్తి మహారాజు కూర్చునే గద్దె వెనక బంగారు జరీ తెర ఎండలో కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. ఎర్ర తలపాగాల మెట్టపేటవాళ్ళు ఒక పక్క, తెల్ల తలపాగాల పల్లపుపేటవాళ్ళు ఒక పక్క, ఇసుక వేస్తే రాలనంతగా కిక్కిరిసి కూర్చున్నారు. ఏడాదికొక్కసారి రెండు పేటలకూ జరిగే చెడుగుడు అది. ఇంత వైభవం ఉన్నా ఏ మగవాడి మొహంలోనూ కళ లేదు. ఎందుకుంటుంది? నగరంలోని కల్లు దుకాణాలన్నీ మూతపడ్డాయి. ప్రతి కుండ మూతికీ గుడ్డ కట్టి, ముడి మీద లక్క పోసి, సింహపు ముద్ర కొట్టి ఉంది.

ఆ ముద్రలు కొట్టించినవాడు తలవరి ప్రోలన. నగర రక్షణ అంతా అతని భుజాల మీదే ఉంది. తెల్లవారింది మొదలు జనం అతని ఏడు తరాలనూ తిట్టని తిట్టు లేకుండా తిట్టారు. ప్రోలన విన్నాడు, విననట్టే తిరిగాడు.

నిరుడు ఇదే ఆటలో మెట్టపేట గెలిచింది. గెలిచినవాళ్ళు ఊరికే ఉంటారా? తాగారు. తాగి పాడారు, పాడి గంతులేశారు, గంతులేస్తూ వాగు దాటి పల్లపుపేట మీదికి ఊరేగింపు తీశారు. ఓడినవాళ్ళ గుమ్మాల ముందు తొడలు చరిచారు. ఎవడో మాట జారాడు, ఎవడో దివిటీ విసిరాడు. నేతగాళ్ళ వీధి మగ్గాలతో సహా బూడిదైంది. ఆ మర్నాడు కాలిన దూలాల కింది నుంచి శవాలను ప్రోలన తన చేతులతోనే తీశాడు. అందులో ఒకటి ఉయ్యాలలోనే ఉంది. ఆ రోజు నుంచి అతనికి పొగ వాసన తగిలితే అన్నం సయించదు.

“ఈ ఏడు నువ్వేం చేస్తావో నాకు తెలియదు ప్రోలనా,” అన్నాడు మహారాజు. “పల్లపుపేటలో పొయ్యిలో తప్ప ఇంకెక్కడా నిప్పు కనపడకూడదు.”

అందుకే లక్క ముద్రలు. అందుకే దండోరా. కల్లైనా, ఇప్పసారా అయినా ఆట రోజున అమ్మినవాడికి దేశబహిష్కారం. ముద్ర పగలగొట్టినవాడికి శిరశ్ఛేదం.

ఒక్క కుండకు మాత్రం ముద్ర పడలేదు. అది సాక కుండ. ఆటలో గెలిచిన పేట నాయకుడు గుట్టమ్మ తల్లి పాదాల ముందు కల్లు సాక పోసి, తొలి గుక్క తాను తాగుతాడు. ఆ తరువాత అతని పేటవాళ్ళందరి దోసిళ్ళలోనూ తలా కాస్త పూజారి పోస్తాడు. తాతలనాటి నుంచీ వస్తున్న ఆచారం. పాత పూజారి మంచాన పడితే కొత్తగా వచ్చిన పూజారి, ముద్రలు వేసే వేళ ప్రోలన దగ్గరికి వచ్చి, “అమ్మవారి నోటిక్కూడా లక్క పోస్తావా నాయనా?” అని మెత్తగా అడిగాడు. ప్రోలన నాలుక కరుచుకుని చెంపలు వేసుకున్నాడు. ఒక్క కుండే కదా, దోసిట్లో పోసే కల్లుతో ఎవడికి మత్తెక్కుతుంది అనుకున్నాడు.

ఆట సగంలో ఉండగా ఒక భటుడు జనాన్ని తోసుకుంటూ ప్రోలన దగ్గరికి వచ్చాడు.

“దొరా, పల్లపుపేట నుంచి కబురు. అమ్మగారికి నొప్పులు మొదలైనాయంట. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని మంచం మీది నుంచి కదపొద్దంటోంది. కదిపితే రెండు ప్రాణాలూ దక్కవంట.”

ప్రోలన భార్య మల్లమది పల్లపుపేటే. తొలి కాన్పుకని పుట్టింటికి వెళ్ళింది. మూడు గర్భాలు నిలవక, ఎన్నో మొక్కులు మొక్కాక నిలిచిన బిడ్డ ఇది. పోదామంటే ఆట ముగియలేదు. ఆట ముగిసే వేళకు తలవరి మైదానంలో లేకపోతే ఇంకేమైనా ఉందా? అతను పళ్ళు బిగించి అక్కడే నిలబడ్డాడు.

ఆఖరి కూతకు మెట్టపేట నాయకుడు బొల్లన దిగాడు. ఈ బొల్లన ఎవరో కాదు, ప్రోలన సొంత తమ్ముడే. నల్లతాచులా నిగనిగలాడే ఒళ్ళు, అరచేతుల్లో ఎర్రమన్ను, పెదవుల మీద ఎప్పుడూ ఆరని నవ్వు. “చెడుగుడు చెడుగుడు” అని కూత పెడుతూ గీత దాటాడో లేదో, పల్లపుపేట కుర్రాళ్ళు నలుగురు ఒక్కసారిగా మీద పడ్డారు. ఒకడు మడమ పట్టాడు, ఒకడు నడుము పట్టాడు. బొల్లన కింద పడ్డాడు, పాకాడు, కూత వదలలేదు. నలుగురినీ ఈడ్చుకుంటూ వచ్చి వేలి కొసతో గీత ముట్టుకున్నాడు. మైదానం దద్దరిల్లిపోయింది. ఎర్ర తలపాగాలు ఆకాశానికి ఎగిరాయి.

“అన్నా! చూశావా!” అని బొల్లన జనం భుజాల మీద నుంచి కేక పెట్టాడు. ఆ మాటకు ప్రోలన నవ్వలేకపోయాడు.

గెలిచిన జనం అలవాటు కొద్దీ కల్లు దుకాణాల మీదికి పరిగెత్తారు. ముద్రలు చూసి మొహాలు మాడ్చుకున్నారు. గొంతులు పిడచకట్టి ఉన్నాయి. ఇక మిగిలింది ఒకటే. “సాక! సాక!” అని అరుస్తూ అందరూ గుట్టమ్మ గుడి మెట్ల మీదికి ఎగబడ్డారు. ఏటా నూరు దుకాణాల ముందు చెల్లాచెదురయ్యే జనం ఈ ఏడు ఒకే కుండ ముందు చేరారు.

ప్రోలన గుర్రం ఎక్కబోతున్నాడు. వెనక నుంచి ఎవరో అతని అంగరఖా పట్టుకుని లాగారు. చూస్తే నాగసానమ్మ. నగరంలో పెద్ద కల్లు దుకాణం ఆమెదే. పొద్దున ఆమె కుండలకు ముద్రలు వేస్తుంటే చీపురుకట్ట తిరగేసిన మనిషి.

“ఏం తలవరయ్యా, నీ కళ్ళు మూసుకుపోయాయా? అటు సూడు,” అంది.

“అమ్మా, నన్ను తిట్టడానికి ఇది వేళ కాదు. నా ఇల్లాలు చావుబతుకుల్లో ఉంది.”

“తిట్టడానికి రాలేదయ్యా. నలభై ఏళ్ళుగా కల్లు పోత్తన్నా. తాగినోడు పాడతాడు, ఏడుత్తాడు, పెళ్ళాన్ని తిడతాడు, గోడతో తగువాడతాడు. ఆ మెట్ల మీద తాగినోళ్ళని సూడు. ఒక్కడి నోరన్నా లేత్తందా?”

ప్రోలన తల తిప్పి చూశాడు. సాక తాగినవాళ్ళంతా మెట్లకు ఒక పక్కగా వరసలు కట్టి నిలబడ్డారు. అరుపు లేదు, ఈల లేదు. వాళ్ళ కళ్ళు చల్లారిన బూడిదలా ఉన్నాయి. వరసలకు ముందు బొల్లన నిలబడ్డాడు. అతని పెదవుల మీద ఆ నవ్వు లేదు. అప్పుడతని చూపు పూజారి మీద పడింది. సాయంకాలపు ఎండలో అందరి నీడలూ మెట్ల పొడుగునా సాగి ఉన్నాయి. పూజారికి నీడే లేదు. ఎన్ని దోసిళ్ళు నింపినా అతని చేతిలోని కుండ తరగడం లేదు.

విరజాపురంలో నీడ లేని మనిషిని గురించి వినని వాడు లేడు. ధూమగిరి రాజు కొలువులోని మాంత్రికుడు భస్మజటుడు, శక్తుల కోసం తన నీడనే హోమగుండంలో వేసి కాల్చుకున్నవాడు. మూడుసార్లు సేనతో వచ్చి విరజాపురం కోట తలుపు కదపలేక తిరిగిపోయాడు. ఇప్పుడు కత్తి లేకుండా, సేన లేకుండా నగరం నడిబొడ్డున నిలబడి, ఈ నగరపు పిల్లలనే తన సేనగా చేసుకుంటున్నాడు. వాడికి ఆ దారి వేసి, ఊరందరి గొంతులూ ఎండగట్టి వాడి కుండ ముందుకు తోలింది ఎవరు? తనే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది!

“ఆగండి! తాగకండి! వాడు పూజారి కాదు!” అని అరుస్తూ ప్రోలన మెట్లెక్కాడు. కత్తి దూసి కుండ మీదికి ఎత్తాడు.

అంతే, జనం భగ్గుమన్నారు.

“సాక కుండ మీద కత్తెత్తుతావట్రా!”

“పొద్దున్నుంచీ గొంతు తడవనీలేదు, ఇప్పుడు అమ్మవారి సాక కూడా పారబోస్తాడంట!”

“తన్నండ్రా ఈణ్ణి!”

పిడిగుద్దులు వానలా పడ్డాయి. తలపాగా పోయింది, కత్తి ఎవడో లాక్కున్నాడు, నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి కారింది. వాళ్ళలో ఏ ఒక్కడి మీదా ప్రోలన చెయ్యి ఎత్తలేదు. వాళ్ళ కోపం న్యాయమేనని అతనికి తెలుసు. కాళ్ళ సందుల్లోంచి పాకుతూ మెట్ల కింద పడ్డాడు. నాగసానమ్మ తన భుజం మీది కల్లుగుడ్డ అతని తలకు చుట్టి, ఖాళీ కుండల కావడి ఒకటి భుజాన పెట్టి, “నడు, తల దించుకుని నడు. ఎవరన్నా అడిగితే నా కొట్లో పనోడివి,” అని సందులోకి ఈడ్చుకుపోయింది.

దుకాణం వెనక గోడకు ఆనుకుని ప్రోలన కూలబడ్డాడు. మెట్ల మీద వరసలు పెరిగిపోతున్నాయి. పల్లపుపేటలో మల్లమ మంచం మీది నుంచి కదలలేదు. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు.

“ఏడిత్తే ఏమొత్తాది నాయనా?” అంది నాగసానమ్మ. ఆమె గొంతులో ఎకసెక్కం పోయింది. “దాహమేసినోడికి నీళ్ళు సూపిత్తే బురదగుంట ఒదిలేత్తాడు.”

ప్రోలన తలెత్తి ఆమె వంక చూశాడు. ఒక్క ఉదుటున లేచాడు. దుకాణం తలుపు తన్ని, వరసగా పేర్చిన కుండల మీది లక్కముద్రలను మొలలోని బాకు పిడితో ఒకటొకటే పగలగొట్టడం మొదలుపెట్టాడు.

“తలకాయి పోద్దయ్యా!” అని నాగసానమ్మ గుండెలు బాదుకుంది.

“పోనీ! నా తల నాకెందుకు? నీ వాళ్ళందరికీ కబురు పెట్టమ్మా. ఊళ్ళో ఏ కుండకూ మూత ఉండకూడదు. ఊరికే పొయ్యండి!”

వీధిలోకి వచ్చి, ఒక కుండ నెత్తిన పెట్టుకుని, గొంతు చించుకుని అరిచాడు. “రండి బాబూ రండి! తాటికల్లు, ఈతకల్లు, పుల్లగా ఉన్నది, నురగ లేస్తున్నది! తలవరి చచ్చాడు, ముద్రలు పగిలాయి! రండి!”

నమ్మండి, నమ్మకపొండి, అంత కమ్మటి పిలుపు విరజాపురం ఎన్నడూ విని ఉండదు. గుడి మెట్ల మీది జనం ఒక్కసారి ఇటు తిరిగారు. కల్లు పులుపు గాలిలోకి కొట్టింది. సాక కోసం దోసిలి పట్టినవాడు దోసిలి దులుపుకున్నాడు. వరద గండి కొట్టినట్టు జనం దుకాణాల మీద పడ్డారు. కాసేపటికల్లా ఒకడు పాట అందుకున్నాడు, ఇద్దరు కౌగిలించుకుని ఏడ్చారు, ముగ్గురు ఒకే మేకపిల్లతో తగువు పెట్టుకున్నారు. నిరుడు ఆ పాటలే ప్రోలన ఒళ్ళు జలదరింపజేశాయి. ఇవాళ ఆ అరుపులు వింటుంటే ప్రాణం లేచివచ్చింది.

కాని మెట్ల మీద నిలబడినవాళ్ళు కదిలారు. సాక తాగినవాళ్ళు వందలు దాటిపోయారు. పూజారి వేషంలోని భస్మజటుడు కుండ దించి చెయ్యెత్తగానే ఒక్కొక్కరూ గుడి దివిటీ ఒక్కొక్కటి అందుకున్నారు. బొల్లన ముందు నడిచాడు. చప్పుడు లేకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వాళ్ళు వాగు వైపు తిరిగారు. వాగు అవతల పల్లపుపేట.

“నాగసానమ్మా! వాళ్ళను ఆపించు!” అని అరిచి ప్రోలన దొరికిన గుర్రం ఎక్కాడు.

నాగసానమ్మ కల్లు కుండ ఎత్తి పట్టుకుని రంకె వేసింది. “ఒరే తాగుబోతు సన్నాసుల్లారా! మిమ్మల్ని ఒదిలేసి ఊరేగింపు ఆళ్ళే సేసేసుకుంటన్నారా! సూత్తా ఊరుకుంటారా?”

ఆ మాట మంత్రంలా పనిచేసింది. మాకు లేని ఊరేగింపు మీకెందుకని మత్తులో ఉన్న జనం ఎదురెళ్ళి వాగు గట్టు మీద అడ్డంగా పడుకున్నారు, కాళ్ళకు చుట్టుకున్నారు, దివిటీల మీద కల్లు గుమ్మరించారు. సగం దివిటీలు ఆరిపోయాయి. సగం మంది ముందుకే నడిచారు. కాళ్ళ కింద ఎవరు పడ్డారో కూడా చూడకుండా నడిచారు.

ప్రోలన అడ్డదారిన వాగులోకి దిగి, మునుగుతూ తేలుతూ పల్లపుపేట చేరాడు. అత్తవారిల్లు పేటకు మొదట్లోనే ఉంది. తాటాకు కప్పు, మట్టి గోడలు, మూసిన తలుపు. లోపల మల్లమ మూలుగు వినిపించింది. తలుపు మీద చరిచాడు.

“మల్లమా! నేనే!”

“ఏమయ్యా, వచ్చావా?” ఆ గొంతు నీరసంగా ఉంది. “ఇంకా కాలేదయ్యా. చచ్చిపోతానేమో.”

“అలా అనకే. నేనున్నాను.”

అతను వెనక్కి తిరిగేసరికి బొల్లన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో దివిటీ, ఇంకో చేతిలో చిన్న సాక ముంత. అతని వెనక వీధంతా బూడిద కళ్ళు.

“బొల్లా! ఒరే, లోపల మీ వదినరా! నీకు చద్దన్నం కలిపి పెట్టిన వదినరా!”

బొల్లన దివిటీ పైకెత్తి కప్పు వైపు నడిచాడు. ప్రోలన ఎగిరి అతని నడుము పట్టాడు. నలుగురు పట్టలేని మనిషిని ఒక్కడు పడతాడా? బొల్లన ఒక్క విదిలింపుతో అన్నను గోడకేసి కొట్టాడు. ప్రోలన మళ్ళీ లేచాడు, ఈసారి మడమ పట్టి నేల కరిచాడు. బొల్లన అతన్ని ఈడ్చుకుంటూనే చూరు దాకా వెళ్ళాడు. దివిటీ సెగకు తాటాకు కొస ఒకటి చిటపటమంది. ఆ పొగ వాసనకు ప్రోలన గావుకేక పెట్టాడు.

“ఆపు! ఏం కావాలో అడుగు! ఇస్తాను!”

బొల్లన చెయ్యి గాలిలోనే ఆగింది. బొల్లన నోరు తెరుచుకుంది. వచ్చిన గొంతు మాత్రం పూజారిది, అదే మెత్తని గొంతు.

“నాకు గుడిసెలెందుకు నాయనా? కోట తలుపు కావాలి. దాని తాళంచెవి నీ మొలనే ఉందని నాకు తెలుసు. నిన్ను చంపి తీసుకోవచ్చు. కాని తలవరి మాట వినబడనిదే కావలివాళ్ళు తలుపు దరికి ఎవరినీ రానివ్వరు. నాకు నువ్వు కావాలి. ఆ ముంతలోది తాగు. తాగితే వీళ్ళందరూ దివిటీలు మట్టిలో గుచ్చి ఆర్పేస్తారు. నేను కొలిచే దేవత మీద ఆన.”

మాంత్రికుడు కొలిచే దేవత మీద ఆన తప్పితే ఆ దేవతే వాణ్ణి మింగేస్తుంది. ప్రోలనకు ఆ సంగతి తెలుసు. తాగకపోతే ఈ ఇల్లు ఇప్పుడే తగలబడుతుందనీ తెలుసు.

“తాగుతాను,” అన్నాడు. “ఒక్కసారి నా ఇల్లాలితో మాట్లాడనీ.”

తలుపును కావలించుకున్నట్టు ఆనుకున్నాడు. ఒంటితో చెయ్యి మరుగు చేసి, మొలనున్న తాళంచెవి తీసి గడప కింది సందులోంచి లోపలికి నెట్టాడు. తలుపు కంతకు పెదవులు ఆనించి గుసగుసగా చెప్పాడు. “మల్లమా, అది దాచిపెట్టు. ఎవరొచ్చి అడిగినా ఇవ్వకు. నేనొచ్చి అడిగినా ఇవ్వకు.”

“అదేం మాటయ్యా? ఎక్కడికి పోతున్నావు?” అని మల్లమ బావురుమంది. ఆ వెంటనే నొప్పి ముంచుకొచ్చి మాట తెగిపోయింది.

ప్రోలన తమ్ముడి చేతిలోంచి ముంత తీసుకున్నాడు. ఊరంతటికీ చుక్క దక్కకుండా చేసినవాడు ఆ ముంతను ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. తియ్యగా ఉంది. ఆ తీపి గొంతు దిగుతుంటే వెనకే చలి దిగింది. చేతులు దూరమయ్యాయి, కాళ్ళు దూరమయ్యాయి. వీధిలో దివిటీలు ఒకటొకటే మట్టిలోకి దిగి చుంయిమని ఆరిపోవడం అతను చూశాడు. మాంత్రికుడు ఆన నిలబెట్టుకున్నాడు.

అప్పుడే లోపల పసిబిడ్డ కేరుమంది.

ఆ కేకకు ప్రోలన లోలోపల ఎక్కడో ఎగిరి గంతేశాడు. నవ్వబోయాడు. మొహం కదల్లేదు. ఆడబిడ్డో మగబిడ్డో అడగబోయాడు. నాలుక అతని మాట వినలేదు. ఎవరి చెయ్యో లేచి తలుపు తట్టింది. చూస్తే అది తన చెయ్యే. ఎవరి గొంతో పలికింది, ఎంతో ప్రేమగా పలికింది. అది తన గొంతే.

“మల్లమా, తలుపు తియ్యి. బిడ్డను చూసుకుంటాను.”

వద్దే మల్లమా, తియ్యకే అని ప్రోలన లోపల గుండె పగిలేలా అరిచాడు. ఆ అరుపు పెదవి దాటలేదు.

“వస్తున్నా వస్తున్నా బాబూ, బంగారంలాంటి కూతురు!” అని మంత్రసాని సంబరంగా అంటుండగా గడియ తీసిన చప్పుడైంది.